రోజూ కాస్త కోతా, పదహారు గంటల ఖాళీ కడుపా: ఏది మేలు?

వయసును కాస్త నెమ్మదింపజేయాలని బెంగళూరులో మనవాళ్లు పట్టుకున్న దారులు రెండు: రోజూ తినేదాంట్లోనే కొంత తగ్గించడం, లేదా ఎనిమిది గంటల్లో తినేసి మిగతా పదహారు గంటలు ఏమీ ముట్టకపోవడం.

మనుషుల్లో మెరుగైన రుజువు మొదటిదానికే ఉంది. అమెరికాలో ఊబకాయం లేనివాళ్లతో రెండేళ్లు ‘కాలెరీ’ ప్రయోగం చేశారు. 25 శాతం తగ్గించమంటే సగటున 12 శాతమే తగ్గించగలిగారు. అయినా రక్తపోటు, చెడ్డ కొలెస్ట్రాల్ దిగాయి. రక్తంలోని డీఎన్‌ఏ గుర్తులను బట్టి చూస్తే వయసు మీదపడే వేగం 2-3 శాతం తగ్గిందని 2023లో తేలింది. ఆయుష్షు పెరిగిందని దీనర్థం కాదు.

గంటల పద్ధతి సంగతి వేరు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఊబకాయులపై ఏడాదిపాటు చేసి 2022లో ప్రచురించిన ప్రయోగంలో, కేలరీలు ఎలాగూ తగ్గించినవాళ్లకు గంటల నియమం వల్ల అదనంగా చెప్పుకోదగ్గంత బరువేమీ తగ్గలేదు.

రోజుకు 2000 కేలరీలు తినేవారికి 12 శాతమంటే 240. వంటనూనె రెండు టీస్పూన్లు తగ్గిస్తే 80, బియ్యం 30 గ్రాములు తగ్గిస్తే 105, ఫిల్టర్ కాఫీల్లో చక్కెర మూడు చెంచాలు మానితే 60. లెక్క సరిపోయింది! పప్పు, గుడ్డు, పెరుగు జోలికి మాత్రం వెళ్లకండి. 60 కిలోల మనిషికి 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. గుడ్డుకు 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పుకు మరో 6 వస్తాయి. దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) ఇడ్లీ, పల్చటి సాంబారుతో ఆ లెక్క నిండదు. ప్రోటీన్ చాలకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. ‘కాలెరీ’ ప్రయోగంలో ఎముకల సాంద్రత కూడా కొంత తగ్గింది, అందుకే వారానికి రెండుసార్లైనా బరువులెత్తాలి.

గంటల పద్ధతి చెడేది మధ్యాహ్నం ఒంటిగంటకు, ఆంధ్రా మెస్‌లో. పొద్దుటి నుంచి మాడిన కడుపు మారు వడ్డన వద్దనదు. కందిపొడి అన్నంలో రెండు చెంచాల నెయ్యికే 90 కేలరీలు. అయితే రాత్రి పదిన్నరకు ఆఫీసు కాల్ ముగించి బిర్యానీ ఆర్డర్ పెట్టేవారికి, ఏడింటికే వంటిల్లు మూసెయ్యడం లెక్కలకన్నా తేలిక. వాళ్లకు అదే మేలు. తక్కినవాళ్లకు నా ఓటు రోజువారీ కోతకే.

మధుమేహానికి గ్లిమెపిరైడ్ మాత్రలో, ఇన్సులినో వాడేవారు డాక్టరును అడగకుండా పూట మానకూడదు. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, బక్కపలచనివాళ్లు, అరవై అయిదు దాటి కండ తగ్గుతున్నవాళ్లు ఈ రెండింటి జోలికీ వెళ్లకూడదు.