ఐ7 ల్యాప్‌టాప్, ఐ5 డెస్క్‌టాప్: ఎక్కువసేపు పని పెడితే ఏది నిలుస్తుంది?

ఇంజినీరింగ్‌లో చేరే పిల్లలకు కంప్యూటర్ కొనడానికి వెళ్లిన తల్లిదండ్రులు దుకాణంలో మొదట అడిగేది "ఇది ఐ5నా, ఐ7నా?" అనే. ఆ ఒక్క అంకెను నమ్ముకుని డబ్బు కట్టడం సరికాదని చెప్పడానికి, మా ఇంట్లో పక్కపక్కనే వాడుకలో ఉన్న రెండు ఇంటెల్ ప్రాసెసర్లను ఇక్కడ పోలుస్తున్నాను. ఒకటి సన్నని ల్యాప్‌టాప్‌లోని కోర్ ఐ7-1355యు, మరొకటి మామూలు క్యాబినెట్‌లో బిగించిన కోర్ ఐ5-13400. రెండూ 13వ తరానికి చెందినవే, రెండింటినీ ఇంటెల్ 2023 జనవరిలోనే ప్రకటించింది.

కాగితం మీద చూస్తే ఐ7దే పైచేయిగా కనిపిస్తుంది. దాని గరిష్ఠ వేగం 5 గిగాహెర్ట్జ్‌లు కాగా ఐ5ది 4.6 మాత్రమే, కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) రెండింటిలోనూ పదేసి. అయితే ఆ పదిలో బరువైన పని మోసే పెర్ఫార్మెన్స్ కోర్లు ల్యాప్‌టాప్ ఐ7లో 2 మాత్రమే ఉన్నాయి, మిగిలిన 8 విద్యుత్తు పొదుపు కోసం పెట్టిన చిన్న కోర్లు. డెస్క్‌టాప్ ఐ5లో పెద్దవి 6, చిన్నవి 4. థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ల్యాప్‌టాప్‌లో 12, డెస్క్‌టాప్‌లో 16; ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) 12 ఎంబీకి 20 ఎంబీ. అన్నిటికంటే ముఖ్యమైన తేడా వాట్లలో ఉంది: ల్యాప్‌టాప్ చిప్ మూల విద్యుత్ పరిమితి 15 వాట్లు, కొద్దిసేపు 55 దాకా వెళ్లగలదు, డెస్క్‌టాప్ చిప్‌కు ఇవి 65, 148 వాట్లు.

చిన్న పనుల్లో ఈ తేడా కంటికి ఆనదు. బ్రౌజర్ తెరవడం, ఎక్సెల్ ఫైలులో లెక్కలు వేయడం, ఆన్‌లైన్ క్లాసు వినడం వంటి వాటిలో ప్రాసెసర్‌పై బరువు క్షణాల సేపే పడుతుంది కనుక, ఆ కాసేపూ ఒకటి రెండు కోర్లు పూర్తి వేగంతో పరుగెత్తితే సరిపోతుంది. ఈ పరిస్థితిలో ల్యాప్‌టాప్ ఐ7 ఏమాత్రం వెనకబడలేదు, కొన్నిసార్లు ముందే ఉందనిపించింది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు చిప్‌లోని గ్రాఫిక్స్ విషయంలోనూ దానిదే ఆధిక్యం: దానిలోని ఐరిస్ ఎక్స్‌ఈలో 96 ఎగ్జిక్యూషన్ యూనిట్లు (గ్రాఫిక్స్ లెక్కలు చేసే విభాగాలు) ఉండగా, డెస్క్‌టాప్ ఐ5లోని యూహెచ్‌డీ 730లో 24 మాత్రమే.

అసలు సంగతి ఎడతెగని పని పెట్టినప్పుడు బయటపడుతుంది. పెళ్లి వీడియో ఒకదాన్ని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రాంలో, ఫైలు సైజు తగ్గించే హెచ్.265 ఫార్మాట్‌కు మారుస్తూ, చిప్ వేగం, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి రెండింటినీ గమనించాను. ల్యాప్‌టాప్‌లో మొదటి అర నిమిషం అంకెలు ముచ్చటగా ఉన్నాయి. ఆ తర్వాత ఫ్యాన్ హోరు పెరిగింది, విద్యుత్ వినియోగం పదిహేను, ఇరవై వాట్ల మధ్యకు పడిపోయింది, దానితోపాటే పెద్ద కోర్ల వేగం రెండు గిగాహెర్ట్జ్‌ల చుట్టుపక్కలకు దిగి, ఫైలు పూర్తయ్యేదాకా అక్కడే ఉండిపోయింది. డెస్క్‌టాప్ మాత్రం నాలుగు గిగాహెర్ట్జ్‌ల దరిదాపుల్లో నిలకడగా సాగి, ఇంచుమించు సగం సమయంలోనే పని ముగించింది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో పెద్ద ప్రాజెక్టును మొదటినుంచి బిల్డ్ చేసినప్పుడూ ఇదే వరుస.

వాట్లు మూడో వంతుకు తగ్గినా వేగం మూడో వంతుకు పడిపోకపోవడానికి కారణం ఉంది. ప్రాసెసర్ వాడే విద్యుత్తు దాని క్లాక్ వేగానికీ, వోల్టేజీ వర్గానికీ (స్క్వేర్‌కూ) అనులోమానుపాతంలో పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీనీ పెంచాలి కాబట్టి, రెండూ పది శాతం చొప్పున పెరిగితే విద్యుత్ వినియోగం సుమారు 33 శాతం పెరుగుతుంది. అంటే చివరి కొద్దిపాటి వేగానికే అత్యధిక మూల్యం చెల్లించాలి, ల్యాప్‌టాప్ చిప్ వదులుకునేది ఆ చివరి భాగాన్నే. తక్కువ విద్యుత్తుతో అది చేస్తున్న పని నిజంగా మెచ్చుకోదగినది.

వేడి సంగతి మన ప్రాంతంలో ఇంకా పట్టించుకోవాలి. మే నెలలో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలకు చేరువైతే, సన్నని హీట్‌పైపు, చిన్న ఫ్యాన్ ఆ వేడిని బయటికి నెట్టడానికి అవస్థ పడతాయి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి కింది రంధ్రాలను మూసేస్తే వేగం మరింత తగ్గుతుంది. డెస్క్‌టాప్‌లోనూ కూలర్ రెక్కల్లో దుమ్ము పేరుకుంటే ఇదే ఇబ్బంది వస్తుంది, కానీ మూత విప్పి బ్రష్షుతో దులుపుకోవడం ఎవరికైనా చేతనవుతుంది.

ల్యాప్‌టాప్‌లన్నీ ఇలాగే ఉంటాయని అనుకోకూడదు. అదే తరంలోని ఐ7-13700హెచ్‌లో పెద్ద కోర్లు 6, చిన్నవి 8, మూల పరిమితి 45 వాట్లు; దానికి తగిన కూలింగ్ ఉన్న మందపాటి ల్యాప్‌టాప్‌లో అది మా ఐ5 డెస్క్‌టాప్‌తో గట్టిగానే పోటీ పడగలదు. పేరు చివరి అక్షరం (యు, హెచ్ వంటిది), కంపెనీ ఆ మోడల్‌లో చిప్‌కు నిజంగా ఇస్తున్న వాట్లు, ఈ రెండూ ఐ7 అన్న ముద్ర కన్నా ఎక్కువ చెబుతాయి. ఇంటెల్‌కు పోటీదారైన ఏఎండీ చిప్‌లు కొనేవారు మరికొంత జాగ్రత్తగా చూడాలి, ఒకే వరుస పేరు కింద పాత, కొత్త నిర్మాణాలు (జెన్ అంకె పెద్దదైతే కొత్తది) కలిసి ఉంటాయి: రైజెన్ 7000 ల్యాప్‌టాప్ వరుసలో 7520యు జెన్ 2 నిర్మాణంపైనా, 7730యు జెన్ 3పైనా ఉన్నాయి, 7945హెచ్‌ఎక్స్ మాత్రం 16 జెన్ 4 కోర్లతో వస్తుంది.

హాస్టల్లో ఉండి, రోజూ కాలేజీకి మోసుకెళ్లే విద్యార్థికి నేను ల్యాప్‌టాప్‌నే సిఫారసు చేస్తాను, కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకుంటుంది. ఇంటి దగ్గరే కూర్చుని వీడియో ఎడిటింగ్, త్రీడీ రెండరింగ్, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగ్ చేసేవారు మాత్రం ఐ7 పేరుకు లొంగకుండా ఐ5 డెస్క్‌టాప్, దానితో ఒక యూపీఎస్ తీసుకోవాలి. ల్యాప్‌టాప్ చిప్ బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది, మార్చలేం. మా ఐ5 కూర్చునే ఎల్‌జీఏ 1700 సాకెట్ ఉన్న బోర్డుకైతే, దాని విద్యుత్ సరఫరా భాగం దృఢంగా ఉండి, కొత్త బయాస్ (బోర్డును నడిపే మూల ప్రోగ్రాం) వేస్తే, రేపు ఐ5 తీసి ఐ7-14700 పెట్టుకోవచ్చు.