తిరుపతిలో 'లోన్ రద్దు ఫైల్' సర్వీసు: నోటీసు వచ్చినోళ్లు దయచేసి చదవండి

రేటింగ్: ఒక్క స్టార్

మా చిన్నాయనకు కొర్లగుంటలో ఇల్లుంది, దానిమీద హౌస్ లోన్. కొండకు కారు తిప్పుకుంటా కంతులు కడతా వచ్చినాడు, ఇంజన్ పోయి నాలుగు కంతులు తప్పేసరికి బ్యాంకు నుంచి సర్ఫేసీ 13(2) నోటీసు, అంటే బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటాం అని. అదే వారం ఎవరో వాట్సాప్‌లో పంపినారు, బ్యాంకు ఇచ్చింది అసలు డబ్బే కాదు, లోన్ కట్టనక్కర్లేదు అని, లీలామహల్ సర్కిల్ దగ్గర మీటింగ్ అంట. నేనూ తోడు పోయినా. వాళ్ల పేరు రాయను.

మీటింగ్‌లో ఒక మాట నిజమే చెప్పినారు. బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు ఎవరి డిపాజిట్టో తీసి ఇవ్వదు, మన ఖాతాలో అంకె రాస్తుంది, అదే కొత్త డబ్బు. 2014లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ (మన రిజర్వ్ బ్యాంకు లాంటిది) తన బులెటిన్‌లోనే ఇది రాసింది. ఆ తర్వాత అమెరికా కేసు చూపించినారు, 1968లో మిన్నెసోటాలో జెరోమ్ డేలీ అనే లాయరు బ్యాంకు మీద ఇదే వాదించి జ్యూరీ దగ్గర గెలిచినాడని. హాలంతా చప్పట్లు. కానీ ఆ తీర్పు చెల్లలేదని, ఆ చిన్న కోర్టుకు ఆ అధికారమే లేదని, 1971లో డేలీ లాయర్ లైసెన్సే పోయిందని ఒక్కరూ చెప్పలే, అవన్నీ నేను ఇంటికొచ్చి వెతికి చదువుకున్నా.

అంకె రాసి పుట్టించినా అది చెల్లే డబ్బే కదా, ఆ డీడీ తీసుకునే కదా ఇల్లమ్మినాయన చిన్నాయనకు రిజిస్ట్రేషన్ చేసిచ్చింది! ఇల్లు చేతికొచ్చినాక బ్యాంకు ఏమీ ఇవ్వలేదు అంటే ఏ జడ్జి ఒప్పుకుంటాడు.

ఆ మీటింగ్ పెట్టినోళ్లు 'లోన్ రద్దు ఫైలు'కు 15 వేలు తీసుకున్నారు, రసీదు లేదు. స్టాంపు పేపర్ మీద తొమ్మిది పేజీలు, అంతా ఇంగ్లీషు. పేరు ఒకచోట మామూలుగా, ఇంకోచోట మొత్తం పెద్ద అక్షరాల్లో, అది వేరే మనిషంట, లోన్ ఆ మనిషిదంట. ప్రతి పేజీ కింద ఎర్ర ఇంకు వేలిముద్ర. చిన్నాయన పదో తరగతి పాసైనోడు, "సంతకం పెట్టగలను కదప్పా, వేలిముద్ర ఎందుకు" అని అడిగినాడు, ఆ ఇంకు రెండు రోజులు వేలికి పోలేదు. చివర్లో పన్నెండు మంది సంతకాలతో, వాళ్లే పెట్టుకున్న 'కామన్ లా కోర్టు' తీర్పు. మన దేశంలో కామన్ లా (పాత తీర్పులను పట్టి నడిచే చట్టం) అంటే మామూలు జిల్లా కోర్టు, హైకోర్టు నడిచే పద్ధతే, పక్కన ఇంకో కోర్టు పెట్టుకోడానికి లేదు. కెనడాలో 2012లో మీడ్స్ కేసులో రూక్ అనే జడ్జి ఇట్లాంటి కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చూసి దేనికీ విలువ లేదని రాసినాడు.

నన్ను బాగా బాధపెట్టింది డబ్బు పోవడం కాదు, రోజులు పోవడం. 13(2) నోటీసుకు 60 రోజులే గడువు, ఆ లోపల మన అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాల. వీళ్లు మాత్రం బ్యాంకుకు పోవద్దు, మాట్లాడొద్దు అన్నారు, అట్లా 41 రోజులు పోయినాయి. తర్వాత కోర్టు దగ్గర ఒక లాయరమ్మ దగ్గరికి పోతే ఆమె ఫైలు పక్కనపెట్టి ముందు నోటీసు అందిన తేదీ అడిగి క్యాలెండర్ తీసింది. బ్యాంకు ఇల్లు పొసెషన్ (స్వాధీనం) తీసుకున్నాక 45 రోజుల్లో విశాఖ డీఆర్టీకి, అంటే బ్యాంకు బాకీల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు పోవాల, మామూలు సివిల్ కోర్టు తీసుకోదు, అంతకన్నా ముందే బాకీ కంతులు కట్టేయండి అనింది. పిన్నమ్మ గాజులు కుదువ పెట్టి 57వ రోజు కట్టినాం, అకౌంట్ రెగ్యులర్ అయింది.

లాయరుకు డబ్బుల్లేకపోతే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సేవాధికార సంస్థ నంబరు, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు లేదు. ఫైలు అమ్మినోళ్ల ఫోన్ మాత్రం ఇప్పటికీ స్విచాఫ్.