ఫ్యామిలీసెర్చ్ ఆరేళ్ళు వాడాక: టబితా బ్రౌన్ పుట్టింటి కోసం వెతికిన అనుభవం

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బడిలో ఒరెగాన్ ట్రయిల్ మీద, అంటే పంతొమ్మిదో శతాబ్దంలో జనం ఎద్దుబళ్ళలో పడమటికి వలస వచ్చిన దారి మీద, ప్రాజెక్ట్ ఇచ్చారు. మేముండేది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, హిల్స్‌బరోలో. పక్కనే ఉన్న ఫారెస్ట్ గ్రోవ్‌లో బతికిన టబితా బ్రౌన్‌ను మా అమ్మాయి ఎంచుకుంది. ఆవిడ భర్త, కొడుకులు, కూతురు, అల్లుడు అందరి పేర్లూ లైబ్రరీ పుస్తకాల్లోనే దొరికాయి. వంశవృక్షం చార్టు మీద పైన అమ్మానాన్నల రెండు డబ్బాలు ఖాళీగా మిగిలాయి. "అమ్మా, ఆవిడ వాళ్ళమ్మ పేరేంటి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి పూర్వీకుల వివరాలు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచాను. అప్పటి నుంచి ఆరేళ్ళుగా వాడుతూనే ఉన్నాను.

టబితా గురించి తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. 1780లో మసాచుసెట్స్‌లోని బ్రింఫీల్డ్‌లో పుట్టింది. 1799లో క్లార్క్ బ్రౌన్ అనే పాదరీని పెళ్ళి చేసుకుంది. 1817లో ఆయన పోయాక పిల్లలకు చదువు చెబుతూ సంసారం ఈదింది. మేరీలాండ్ నుంచి మిస్సోరీకి, 1846లో అక్కడి నుంచి ఎద్దుబండిలో ఒరెగాన్‌కు వచ్చింది. అప్పటికి ఆమెకు 66 ఏళ్ళు. ఫారెస్ట్ గ్రోవ్‌లో అనాథ పిల్లల కోసం ఆమె నడిపిన బడే తర్వాత పసిఫిక్ యూనివర్సిటీగా పెరిగింది. 1858లో ఒరెగాన్‌లోనే ఉన్న సేలంలో కన్నుమూసింది. 1987లో ఒరెగాన్ శాసనసభ ఆమెకు 'ఒరెగాన్ తల్లి' అని బిరుదు ఇచ్చింది.

ఇక సైట్ సంగతి. ఫ్యామిలీసెర్చ్ పూర్తిగా ఉచితం. నడిపేది సాల్ట్ లేక్ సిటీలోని లేటర్ డే సెయింట్స్ చర్చి. వాళ్ళు 1938 నుంచి దేశదేశాల రికార్డులను మైక్రోఫిల్ములుగా తీశారు. ఆ 24 లక్షల రీళ్ళ డిజిటైజేషన్ 2021లో పూర్తయింది. నాలాంటి మనిషి ఇంట్లో కూర్చుని 200 ఏళ్ళ నాటి వీలునామా చదవగలుగుతోందంటే అది ఈ పని పుణ్యమే. కొన్ని రికార్డుల బొమ్మలు మాత్రం ఇంటి నుంచి తెరుచుకోవు, వాళ్ళ కేంద్రానికో, అనుబంధ లైబ్రరీకో వెళ్ళి చూడాలి. నాకు దగ్గరలోనే ఒకటి ఉంది కాబట్టి ఇబ్బంది కాలేదు.

ఆ సైట్‌లో రెండు వేరువేరు విషయాలున్నాయి: చెట్టు, రికార్డులు. ఈ తేడా నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. చెట్టు అంటే ప్రపంచమంతటికీ కలిపి ఒకే వంశవృక్షం. చనిపోయిన ఒక మనిషికి ఒకే పేజీ ఉండాలి, ఎవరైనా అందులో రాయొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. మొదటి ఏడాది నేను చెట్టులో ఉన్నదంతా నమ్మి మా అమ్మాయి చార్టులోకి ఎక్కించాను. ఒక రోజు తెరిచి చూస్తే టబితాకు ఇంకో ఇద్దరు పిల్లలు చేరి ఉన్నారు. ఎవరో వేరే రాష్ట్రంలోని ఇంకో టబితా బ్రౌన్‌ను తెచ్చి ఈవిడతో కలిపేశారు. మనవైపు సుబ్బారావులు ఎంతమందో అక్కడ బ్రౌన్‌లు అంతమంది, పొరపాటు ఎలా జరిగిందో ఊహించగలను. కానీ ఆ రోజు చాలా బాధపడ్డాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే చరిత్ర పేజీ ఉంటుంది కాబట్టి పాతదాన్ని తిరిగి తెచ్చుకోగలిగాను. అప్పటి నుంచి మార్చిన ప్రతిసారీ కారణం రాసి, రికార్డు జత చేస్తున్నాను. అలా ఆధారం కట్టిన పేజీని జనం అంత తేలిగ్గా కదపడం లేదు.

అసలు విలువంతా రికార్డుల్లో ఉంది. ఆడవాళ్ళ కోసం వెతికేవాళ్ళు ఇక్కడ ఓపిక పట్టాలి, ఎందుకంటే పెళ్ళయిన రోజు నుంచి ఆమె పుట్టింటి పేరు కాగితాల్లోంచి మాయమైపోతుంది. జనాభా లెక్కలనే తీసుకోండి. 1790 నాటి మొదటి లెక్కల్లో ఇంటి యజమాని పేరు ఒక్కటే రాశారు. తెల్లజాతి మగవాళ్ళను 16 ఏళ్ళ లోపు, పైన అని రెండు గడుల్లో వేశారు. ఆడవాళ్ళకు ఆ పాటి వయసు విభజన కూడా లేదు, అమ్మా కూతురూ ముసలమ్మా అందరూ కలిసి ఒకే అంకె. అప్పటికి టబితాకు పదేళ్ళు. ఆ అంకెల్లో ఎక్కడో ఒక 'ఒకటి' ఆమె. ఇంట్లో ఉన్న స్వేచ్ఛాపౌరులందరి పేర్లూ రాయడం 1850లో మొదలైంది. ఆమె 1858లో పోయింది కాబట్టి పేరూ వయసూ పడడానికి ఆమె జీవితంలో అవకాశం ఇచ్చిన లెక్కలు అవొక్కటే. మరణ ధ్రువీకరణ పత్రం కోసం వెతకడం కూడా దండగ. ఒరెగాన్‌లో రాష్ట్రమంతటా చావు పుట్టుకల నమోదు 1903లో గానీ మొదలు కాలేదు.

మరి వాళ్ళమ్మ పేరు ఎలా దొరికింది? మసాచుసెట్స్ పాత ఊళ్ళకు ఒక మంచి అలవాటుంది. పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఊరి దఫ్తరాల్లో రాసి ఉంచేవారు. 1850 వరకు ఉన్నవాటిని తర్వాతి కాలంలో ఊరికో పుస్తకంగా అచ్చు వేశారు, బ్రింఫీల్డ్‌కూ ఉంది. నేను మొదట బ్రౌన్ పేరుతో వెతికి వెతికి అలసిపోయాను. తర్వాత ఆమె పుట్టింటి పేరు మొఫాట్‌తో వెతికాను. ఆ పేరును ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాశాడు: మొఫాట్, మొఫెట్, చివర ఒక టీ, రెండు టీలు. అక్షరాల బదులు నక్షత్రం గుర్తు (*), ప్రశ్న గుర్తు (?) పెట్టి వెతికే సౌకర్యం ఈ సైట్‌లో ఉంది, అది వాడాకే దారి కనిపించింది. తండ్రి జోసెఫ్ మొఫాట్, వైద్యుడు. తల్లి లోయిస్, ఆమె పుట్టింటివారు హేన్స్‌లు. ఆ రాత్రి పదకొండున్నరకు నిద్రపోతున్న మా అమ్మాయిని లేపి చెప్పాను. అప్పటికి ప్రాజెక్ట్ ఇచ్చేసి ఏడాదిన్నర అయింది.

ఇంకో ముడి మన భాష వల్లే విప్పగలిగాను. ప్రయాణంలో టబితాతో పాటు 77 ఏళ్ళ కెప్టెన్ జాన్ బ్రౌన్ ఉన్నాడు. ఇంగ్లీషులో ఆయన్ను బ్రదర్ ఇన్ లా అంటారు, అంతే. బావగారా, మరిదా, అక్క మొగుడా? తెలుగులో ఆలోచించే మనిషికి ఆ ఒక్క మాట సరిపోదు. ఇంటిపేరు, వయసులు వేసి చూస్తే క్లార్క్‌కు అన్నగారు, అంటే ఆమెకు బావగారు. ఈ తేడా వల్ల నాకు ఒరిగిందేమిటంటే, వెతకాల్సింది అత్తింటివారి కాగితాల్లోనని తెలిసింది. ఆడమనిషి కనబడనప్పుడు చుట్టూ ఉన్న మగవాళ్ళను పట్టుకోవాలి. పెద్దకొడుకు ఓరస్ 1843లోనే ఒరెగాన్ వచ్చి చూసి, వెనక్కి వెళ్ళి కుటుంబాన్ని బయల్దేరదీశాడు. కూతురు ఫెర్న్ భర్త వర్జిల్ ప్రింగిల్ 1846 ప్రయాణంలో డైరీ రాశాడు. ఎక్కడ మజిలీ చేశారు, ఎంత దూరం నడిచారు అనేది అత్తగారి గురించి అల్లుడి రాతలోంచి తీసుకోవాల్సి వచ్చింది.

కానీ అన్నిటికంటే గొప్ప ఆధారం ఆమె స్వయంగా రాసింది. 1854 ఆగస్టులో తూర్పున ఉన్న అన్నదమ్ముల ఇంటికి రాసిన ఉత్తరం. 1904లో అది ఒరెగాన్ చరిత్ర త్రైమాసిక పత్రికలో అచ్చయింది. మొదటి వాక్యాల్లోనే వాళ్ళ దగ్గర్నుంచి జాబు వచ్చిందని పొంగిపోతుంది. ఎన్నాళ్ళుగానో కబురు లేక, నాన్నగారి పిల్లల్లో తనొక్కతే మిగిలిందనుకుందట. దాన్ని చదివి నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. 74 ఏళ్ళ మనిషి, పుట్టింటివాళ్ళు ఉన్నారో పోయారో తెలియకుండా ఇన్నేళ్ళు గడిపింది. అప్పటి దాకా నాకు ఆమె ఒక ఐడీ నంబరున్న పేజీ, అంతే.

ఉత్తరంలో మిగతాది మీరే చదవాలి. ఒకరి మాట విని దక్షిణపు దారి పట్టి బళ్ళు, సామాను పోగొట్టుకున్నారు. క్రిస్మస్ నాటికి సేలం చేరారు. తొమ్మిది నెలల్లో ఆమె అడుగుపెట్టిన మొదటి ఇల్లు అదేనట. చేతితొడుగు వేలి చివర బొత్తాం అనుకున్నది తీసి చూస్తే ఆరుంపావు సెంట్ల బిళ్ళ. దానితో మూడు సూదులు కొంది. పాత బట్టలిచ్చి ఆదివాసీ స్త్రీల దగ్గర జింక తోలు తీసుకుంది. చేతితొడుగులు కుట్టి అమ్మి 30 డాలర్లకు పైగా మిగిల్చింది. 1851లో ఆమె ఇంట్లో 40 మంది ఉండేవారు. అయిదు నెలల లోపు తన చేతులతో 3,423 పౌండ్ల పిండి కలిపానని లెక్క రాసుకుంది. అంటే పదిహేను క్వింటాళ్ళ పైమాటే. ఆ లెక్క ఏ ప్రభుత్వ రికార్డులోనూ దొరకదు.

ఆ జింక తోలు ఇచ్చిన స్త్రీల పేర్లు మాత్రం ఉత్తరంలోనూ లేవు, చెట్టులోనూ లేవు. ఈ పని చేసేవాళ్ళు దీన్ని దాటేసి పోకూడదని నా అభిప్రాయం. 1850 భూమి చట్టం కింద ఒరెగాన్‌లో స్థిరపడిన పెళ్ళయిన జంటకు 640 ఎకరాలు ఇచ్చారు. అందులో సగం భార్య పేరు మీదే. అప్పటి అమెరికాలో అది పెద్ద మాట. పైగా పెళ్ళి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో రాసి ఇవ్వాలి కాబట్టి ఒరెగాన్ స్త్రీల కోసం వెతికేవాళ్ళు మొదట తెరవాల్సింది భూమి కోసం పెట్టుకున్న ఆ క్లెయిమ్ ఫైళ్ళే. కానీ ఆ భూమి అక్కడి ఆదివాసులైన కలపూయా ప్రజలది. వాళ్ళతో ఒప్పందం 1855లో గానీ జరగలేదు. 1856 నాటికి వాళ్ళను గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కు, అంటే ఆదివాసులకు ప్రభుత్వం కేటాయించిన ప్రాంతానికి, తరలించేశారు. నేను టబితా పేజీలో ఆధారాలు రాసేటప్పుడు ఈ సంగతీ రాస్తాను.

2024 నుంచి ఫ్యామిలీసెర్చ్‌లో చేతిరాతను కంప్యూటరే చదివి వెతికే సౌకర్యం వచ్చింది. దస్తావేజుల్లో, వీలునామాల్లో సాక్షిగానో వారసురాలిగానో ఒక్కచోట పేరున్నా పట్టుకుంటుంది. ఇంతకు ముందు నెల రోజులు పట్టే పని ఇప్పుడు ఒక సాయంత్రంలో అవుతోంది. తప్పులూ చదువుతుంది, బొమ్మ తెరిచి కళ్ళతో చూసుకోకుండా రాసుకోవద్దు. పత్రికల్లో వెతకాలంటే ఇంకో చిట్కా: టబితాను ఊళ్ళో అందరూ 'గ్రాండ్‌మా బ్రౌన్' అనేవారు, మనం బ్రౌన్ మామ్మ అన్నట్టు. అసలు పేరుతో దొరకనివి ఆ పిలుపుతో దొరుకుతాయి.

మధ్యలో ఒక డబ్బు కట్టే సైట్ కూడా ఏడాది వాడాను. పాత పత్రికలు అందులో బాగున్నాయి. కానీ ఆపేశానని అనుకున్నాక కూడా రెండు నెలలు కార్డు నుంచి డబ్బు పోయింది, తిరిగి తెచ్చుకోవడానికి టెన్షన్ పడ్డాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఉచితమైనదే చాలు.

ఒక సాయంత్రం అమ్మకు విజయవాడ ఫోన్ చేసి, "అమ్మా, అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టింటి ఇంటిపేరేంటి?" అని అడిగాను. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. "ఉండవే, పెద్దమ్మని అడిగి చెప్తాను" అంది. మర్నాడు పొద్దున్నే తిరిగి ఫోన్ చేసింది. పెద్దమ్మకు తెలుసు, ఊరి పేరుతో సహా. వెంటనే రాసి పెట్టుకున్నాను.

వాడమని చెబుతానా? తప్పకుండా చెబుతాను. చెట్టును పుకారులా వినండి, రికార్డును సాక్ష్యంలా చదవండి. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. పోయిన శనివారం ఇద్దరం ఫారెస్ట్ గ్రోవ్ వెళ్ళి 1850లో కట్టిన ఓల్డ్ కాలేజ్ హాల్ చుట్టూ తిరిగి వచ్చాం. ఇంటికి రాగానే తనే లాప్‌టాప్ తెరిచి, లోయిస్ వాళ్ళమ్మ కోసం వెతకడం మొదలుపెట్టింది. హేన్స్ పేరును ఎన్ని రకాలుగా రాయొచ్చో కాగితం మీద వేసుకున్నాం. ఇప్పటికి ఏడు వచ్చాయి.