పురానీ హవేలీలో అమ్మ చూసిన బీరువా

మా అమ్మ గుంటూరులో ముప్పై ఏళ్ళు మిషను కుట్టింది. అందుకే ఈసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడు చార్మినార్ కన్నా ముందు, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న నిజాంల పాత మహలు పురానీ హవేలీ చూపించాను. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా ఉన్నది అక్కడే.

బీరువా అంటే మన ఇళ్ళల్లో ఉండేది అనుకోకండి. భవనంలో ఒక పక్కంతా, ఈ కొస నుంచి ఆ కొస దాకా, రెండు అంతస్తులుగా కట్టిన చెక్క అరలు. పైవాటిని అందుకోవడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు. ఒకసారి వేసుకున్న బట్ట ఆయన మళ్ళీ వేసుకునేవాడు కాదని చెప్పుకుంటారు.

అమ్మ ఆ వరస వెంట మెల్లగా నడిచింది. ఒకచోట ఆగి, కళ్ళజోడు సర్దుకుని, "రాత్రిళ్ళు దీపం దగ్గర కూర్చుని ఈ జరీ పనులన్నీ చేసి ఎంతమంది కళ్ళు పోగొట్టుకున్నారోరా" అంది. నేను ఇంతకు ముందు రెండుసార్లు వచ్చాను. పొడవు చూసి అబ్బో అనుకున్నానే గానీ, కుట్టినవాళ్ళ సంగతి తట్టనే లేదు.

మిగతా గదుల్లో ఎక్కువగా ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలే. గద్దెనెక్కింది 1911లో, ఉత్సవాలు జరిగింది కాస్త ఆలస్యంగా 1937లో. వెండితో చేసిన భవనాల నమూనాలు తీరిగ్గా చూడాలి. వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు మీకు గుర్తుండే ఉంటుంది: 2018 సెప్టెంబరులో దొంగలు వెంటిలేటరు గుండా దిగి ఎత్తుకుపోతే, పోలీసులు కొద్ది రోజుల్లోనే పట్టి తెచ్చారు. నిజాం నగల కోసం మాత్రం ఇక్కడికి రావద్దు. వాటిని 1995లో కేంద్ర ప్రభుత్వం కొనేసింది. జాకబ్ వజ్రమూ వాటిలోదే.

వెళ్ళేవాళ్ళకు ముఖ్యమైన మాట: శుక్రవారం పెట్టుకోకండి. పురానీ హవేలీ, సాలార్‌జంగ్ మ్యూజియం, నిజాంల చౌమహల్లా ప్యాలెస్ మూడూ ఆ రోజు మూతే. మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చి ఆటో ఎక్కితే దగ్గరే. సాలార్‌జంగ్ పక్కనే ఉంది కదా అని రెండూ ఒకే పూటలో కలపకండి, దానికి విడిగా ఒక రోజు కావాలి. ఈ హవేలీకి జత చేయాలంటే చౌమహల్లానే నయం. అక్కడ దర్బారు హాలు షాండ్లియర్ల కింద కాసేపు నిలబడితే, నిజాంల వైభవం ఎలాంటిదో తెలుస్తుంది.

బస విషయంలో దెబ్బతిన్నాం. రైలు స్టేషను దగ్గరని ఒక లాడ్జిలో దిగితే, వేణ్ణీళ్ళు లేవు, లిఫ్టు పనిచేయదు, మూడో అంతస్తు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆ మెట్లెక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. పెద్దవాళ్ళతో వెళ్తే, డబ్బు కట్టే ముందే లిఫ్టు ఎక్కి చూడండి.

సాయంత్రం పత్తర్‌గట్టీ మీదుగా వచ్చాం. షేర్వానీలు కుట్టే కొట్టు ముందు అమ్మ ఆగిపోయింది. లోపల ఒక కుర్రాడు కాజా కుడుతున్నాడు. ఆఖరి ముడి వేసి దారం తెంపేదాకా కదలలేదు.