అభిఘాతాలు చూపించడానికి గోటీలా, క్యారమ్ బోర్డా?

హనుమకొండలో నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు ఏటా అడిగే మాట ఇది: "సార్, అభిఘాతాలు మావాడి తలకెక్కట్లేదు, ఇంట్లో ఏదన్నా చేసి చూపియ్యొచ్చా?" అభిఘాతమంటే ఒక వస్తువు ఇంకోదాన్ని ఢీకొట్టడం. ఇన్నాళ్లూ గోటీలు కొనమనేవాణ్ని. ఈ ఏడు మాట మార్చాను.

గోటీల్ని తీసిపారేయలేం. ఒకే సైజువి రెండు తీసుకుని, ఆగి ఉన్నదాన్ని రెండోదానితో సూటిగా కొడితే, కొట్టింది దాదాపు నిలబడిపోతుంది, దెబ్బ తిన్నది దాని వేగంతో పరుగెడుతుంది. పిల్లలు నోరు తెరిచి చూస్తారు. కాకపోతే ఆగిన గోటీ దొర్లుడు ఇంకా మిగిలి ఉంటుంది గనుక మళ్లీ మెల్లగా ముందుకు జరుగుతుంది. అది చిన్న చికాకే. అసలు చిక్కు బరువులు సమానం కావడంలో ఉంది. ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది), గతిజ శక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) రెండూ గంపగుత్తగా దెబ్బ తిన్న గోటీకే పోతాయి. పోయినేడు ఒక పిల్ల అడగనే అడిగింది: "రెండూ అట్లనే పోతయి కద సార్, మళ్ల రెండు పేర్లెందుకు?" గోటీలతో దానికి జవాబు చెప్పలేకపోయాను.

క్యారమ్ ఆడినవాళ్లకు ఒక బాధ తెలుసు. కాయిన్ పాకెట్లో పడిందని సంబరపడేలోపే దాని వెనకే స్ట్రైకర్ కూడా పడి ఫౌల్ అవుతుంది. ఎందుకు ఆగదు? స్ట్రైకర్ సుమారు 15 గ్రాములు, కాయిన్ సుమారు 5. స్ట్రైకర్ సెకనుకు 2 మీటర్ల వేగంతో సూటిగా తగిలిందనుకోండి. నష్టం ఏమీ లేకపోతే కాయిన్ 3 మీటర్ల వేగంతో దూసుకుపోతుంది, స్ట్రైకర్‌కు ఇంకా 1 మీటరు వేగం మిగులుతుంది. ఇప్పుడు పంపకం చూడండి. ద్రవ్యవేగం స్ట్రైకర్‌కు 15×1, కాయిన్‌కు 5×3, అంటే 15కి 15, చెరిసగం. శక్తి 30 మిల్లీజౌళ్లలో కాయిన్‌కు 22.5, స్ట్రైకర్‌కు 7.5, అంటే మూడొంతులు ఒకరికి, ఒక వంతు ఒకరికి. ఒకే దెబ్బలో రెండు రకాల వాటాలు! ఆ పిల్ల ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నిజం బోర్డు మీద 'టక్' మన్న చప్పుడుకూ, వేడికీ కొంత శక్తి పోతుంది గనుక లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. ద్రవ్యవేగం లెక్క మాత్రం తప్పదు. తగిలిన వెంటనే చూడాలి, ఆలస్యమైతే బోర్డు రాపిడి దాన్నీ తినేస్తుంది.

అతుక్కుపోయే రకం అభిఘాతం క్యారమ్‌లో దొరకదు. దానికి కాజీపేట యార్డులో వ్యాగన్లు జోడించడం గుర్తుచేస్తాను. కదిలే వ్యాగన్, ఆగి ఉన్న అంతే బరువు వ్యాగన్‌కు తగులుకుంటే రెండూ కలిసి సగం వేగంతో కదులుతాయి. ద్రవ్యవేగం మొత్తం ఉంటుంది, గతిజ శక్తి సగం పోతుంది.

ఫోన్లో సిమ్యులేషన్లు కూడా ఉన్నాయి. అంకెలు సరిచూసుకోవడానికి పర్లేదు.

నా ఓటు క్యారమ్‌కే. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం బోర్డు చెమ్మెక్కి, ఎంత పౌడర్ చల్లినా స్ట్రైకర్ జారదు. అప్పుడు గోటీల డబ్బా తీయాల్సిందే.