సాగే కర్టెన్ రాడ్‌ని సాగకుండా చేశాక: నాలుగేళ్ల వాడకం

2021 ఆగస్టులో తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకి దిగినప్పుడు గాంధీ రోడ్డులో మూడు సాగే కర్టెన్ రాడ్లు కొన్నాను. హాలు కిటికీకి ఒకటి, హాలుకీ డైనింగ్‌కీ మధ్య అడ్డంగా ఒకటి, బాత్రూమ్‌లో గోడకీ గోడకీ మధ్య ఒత్తి నిలబెట్టే రకం ఒకటి. షాపతను "అక్కా, ఎంత కావాలంటే అంత సాగుతుంది, రేపు ఇల్లు మారినా పనికొస్తుంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. ఎంత కావాలంటే అంత సాగుతుంది, మనకి అక్కర్లేనప్పుడు కూడా.

ఈ రాడ్ అంటే ఒక గొట్టంలో ఇంకో గొట్టం, అంతే. మా వాటిలో బయటిది 19 మిల్లీమీటర్లు, లోపలిది 16. రెండిటినీ పట్టి ఉంచేది ఏమీ లేదు. బ్రాకెట్లలో కూర్చున్నాక ఎటు పోతుందిలే అనుకుంటాం. కానీ కర్టెన్ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లాగుతాం కదా, లాగిన ప్రతిసారీ లోపలి గొట్టం కాస్త కదులుతుంది. నెల తిరిగేసరికి ఒక చివర బ్రాకెట్ అంచుకి వచ్చేస్తుంది. బ్రాకెట్ కింద చిన్న స్క్రూ ఉంటుంది, నిజమే. అది గట్టిగా పట్టితే ఈ కథే ఉండదు. అయితే రెండు బ్రాకెట్లూ లావు గొట్టం కొలతకే వస్తాయి. సన్న గొట్టం అందులో వదులుగా ఊగుతుంటే ఆ చిన్న స్క్రూ ఎంతకని పడుతుంది? మాదైతే రెండో నెలలోనే మర తిరిగిపోయింది.

అసలు దెబ్బ ఆ ఏడు నవంబరులో తగిలింది. అప్పటి వానలు తిరుపతిలో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటాయి, వీధులకి వీధులు నీళ్లలో ఉన్నాయి. మా వీధిలోనూ మోకాలి లోతు. మిద్దె మీదికి పోయే వీలు లేదు, ఉతికిన బట్టలు ఆరే దారి లేదు. హాలు కర్టెన్ ఒక పక్కకి నెట్టి, తడి లుంగీలు, తువ్వాళ్లు ఆ రాడ్ మీదే వేశాను. మూడో రోజు రాత్రి ధడేల్‌మని చప్పుడు. చూస్తే బట్టలతో సహా రాడ్ సోఫా మీద ఉంది. గొట్టాలు కలిసే చోట బయటి గొట్టం మూతి విచ్చుకుని, లోపలిది వంకర పోయింది.

తప్పు బరువుదే అనుకున్నాను. తర్వాత కొలిచి చూస్తే తెలిసింది, సగం తప్పు నాది. ఆ రాడ్ డబ్బా మీద 36 నుంచి 70 అంగుళాలు అని ఉంది. నేను 68కి లాగాను. అంటే లోపలి గొట్టం బయటి దానిలో బెత్తెడు మాత్రమే మిగిలింది. ఆ బెత్తెడు మీదే మొత్తం బరువు. సాగుతుంది కదా అని చివరిదాకా సాగదీయకూడదు. రెండో రాడ్ 48 నుంచి 84 అంగుళాలది తెచ్చి అదే 68కి పెట్టాను. ఇప్పుడు లోపల రెండడుగులకి పైగానే ఉంది. వంగడం అక్కడితో ఆగింది. కదలడం మాత్రం ఆగలేదు.

కదలకుండా చేయడానికి ఒక ఏడాది రకరకాల తిప్పలు పడ్డాను. మొదట కరెంటు వైర్లకి చుట్టే నల్ల టేపు లోపలి గొట్టానికి ఒక చుట్టు చుట్టి దూర్చాను. చలికాలమంతా బాగా పట్టింది. ఏప్రిల్ వచ్చింది. తిరుపతి ఎండల సంగతి చెప్పాలా, పడమటి కిటికీ, మధ్యాహ్నం రెండు తర్వాత ఆ రాడ్ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. టేపు జిగురు కరిగి కారి, లేత రంగు కర్టెన్ మీద నల్ల చార పడింది, గొట్టం మళ్లీ జారింది. ఆ చార ఈ రోజుకీ పోలేదు.

తర్వాత చుక్క వేస్తే అతుక్కునే జిగురు. గొట్టాల మధ్య సందు ఉంటుంది కాబట్టి ఆ పలచటి జిగురు సందుని నింపలేదు. పిల్లవాడు ఒక్కసారి గట్టిగా లాగితే టక్కున విడిపోయింది. రెండు ముద్దలు కలిపి పిసికి పూసే ఎపాక్సీ గురించి ఎదురింటి ఆవిడ చెప్పింది. వాళ్లది రాయిలా పట్టుకుంది, అందులో సందేహం లేదు. కానీ వాళ్లు ఇల్లు మారినప్పుడు రాడ్‌ని రంపంతో కోయాల్సి వచ్చింది. అద్దె ఇళ్లలో తిరిగేవాళ్లకి అది పని కాదు.

చివరికి దారి చూపించింది మా నాన్న. చిత్తూరులో మోటారు వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఫోన్‌లో ఇదంతా చెప్తే నవ్వి, "జిగురులెందుకమ్మా? రెండు రేకులు కదలకుండా ఉండాలంటే ఒక స్క్రూ ఎయ్యి" అన్నాడు. ఇంత చిన్న సంగతి నాకు ఏడాదిపాటు తట్టలేదు!

మా ఆయనకి డ్రిల్ మిషన్ అంటే నాకంటే ఎక్కువ భయం. పక్కింటి వాళ్ల మిషన్ అడిగి నేనే చేశాను, మూడు తప్పులు కూడా నేనే చేశాను. మొదటిది, రాడ్‌ని నేల మీద పరిచి టేపుతో 68 అంగుళాలు కొలిచి బెజ్జం వేశాను. పైన పెడితే ఒక అంగుళం చాల్లేదు. బ్రాకెట్లు గోడకి ఎక్కడున్నాయో అక్కడే కొలత, నేల మీద కాదు. రాడ్ పైన పెట్టి, రెండు చివర్లూ సరిగ్గా కూర్చున్నాక, బయటి గొట్టం మూతి దగ్గర లోపలి గొట్టం మీద మార్కర్‌తో గీత గీయాలి. తర్వాతే కిందికి దించాలి. గీత ఉంది కాబట్టి ఎక్కడ కదిలినా తెలిసిపోతుంది.

రెండోది, గుండ్రటి గొట్టం మీద డ్రిల్ బిట్ నిలబడదు. సర్రున జారి గొట్టం మీద గీత పెట్టింది, కొద్దిలో నా బొటనవేలు తప్పింది. ఇనుప మేకు మొన పెట్టి సుత్తితో చిన్నగా ఒక దెబ్బ కొడితే చిన్న గుంట పడుతుంది, బిట్ అందులో నిలబడుతుంది. గట్టిగా కొడితే రేకు నొక్కుకుపోయి లోపలి గొట్టం ఇక కదలదు, అదొక తలనొప్పి. మిషన్‌లో గోడలకి వాడే హ్యామర్ మోడ్ తీసేయాలి. 2.5 మిల్లీమీటర్ల బిట్టుతో పై గొట్టం, లోపలి గొట్టం ఒక పక్క మాత్రమే దాటేలా బెజ్జం వేసి, ఆరో నంబరు అర అంగుళం స్క్రూ బిగించాను. రేకుని తనే కోసుకుంటూ పోయే రకం స్క్రూ అడగాలి. చెక్క స్క్రూ అయితే పట్టు సరిగా ఉండదు. మూతికి రెండు అంగుళాల లోపలికి వేశాను, మరీ అంచున వేస్తే చీలే ప్రమాదం ఉంది.

మూడో తప్పే అన్నిటికంటే తమాషా. స్క్రూ పైన వేశాను, కిందనుంచి చూసేవాళ్లకి కనపడదని. మావి రింగుల కర్టెన్లు. లాగితే రింగు ప్రతిసారీ స్క్రూ తల దగ్గర ఆగిపోతుంది. కాసేపు నిలబడి చూస్తే అర్థమైంది. రింగు రాడ్ మీద వేలాడుతుంది కదా, దాని లోపలి అంచు రాడ్ పైభాగాన్ని రాసుకుంటూ పోతుంది. ఖాళీ అంతా రాడ్ కిందే ఉంటుంది. స్క్రూ కింద ఉంటే రింగుకి అసలు తగలదు. రాడ్‌ని తిప్పి, ఆ బెజ్జాన్ని కిందికి పెట్టాను. అంతే, గాలిలా జారుతోంది. గొట్టాలు కలిసే చోట ఉండే మెట్టు మాత్రం ఉంటుంది, రింగు అక్కడ చిన్నగా 'టిక్' అంటుంది. దాని మీద సన్నగా పారదర్శక టేపు చుట్టమని చాలామంది చెప్తారు. చుట్టాను, రెండు నెలల్లో అంచులు లేచి దుమ్ము పట్టింది, పీకేశాను. 'టిక్' అలవాటైపోయింది.

బెజ్జం వేసిన చోట పూత పోయి రేకు బయటపడుతుంది. తుప్పు పట్టకుండా నెయిల్ పాలిష్ రెండు చుక్కలు వేశాను. మూడేళ్లకి పైగా అయ్యింది, అక్కడ ఒక్క మరక లేదు.

ఇక హాలు మధ్యలో అడ్డం కట్టిన రాడ్ గురించి చెప్పాలి. తిరుపతిలో ఇల్లు అంటే ఎవరికైనా తెలుసు, చుట్టాలకి అది సత్రం. నెలకి రెండుసార్లయినా ఎవరో ఒకరు దర్శనానికి దిగుతారు. రాత్రికి హాలుని రెండుగా చేయాలి, అందుకని ఆ కర్టెన్. తొమ్మిది అడుగుల వెడల్పు, పాత అద్దెవాళ్లు వదిలేసిన బ్రాకెట్లు దూలానికి రెండు చివర్లా ఉన్నాయి. మధ్యలో ఇంకోటి వేసుకుంటామంటే ఓనరమ్మ "ఏమ్మా, గోడలకి మేకులు గీకులు కొట్టొద్దని ముందే చెప్పినా కదా" అని ఒప్పుకోలేదు. రాడ్ మధ్యలో రెండు అంగుళాలు కిందికి జోగేది. ఒకసారి మా ఆడపడుచు పిల్లలు, కొండ మీద గుండు కొట్టించుకొచ్చిన ఉత్సాహంలో, ఆ కర్టెన్‌లో చుట్టుకుని ఊగారు. లోపలి గొట్టం బయటికొచ్చేసి, మొత్తం సరంజామా అవతల పడుకున్న పెదమామయ్య మీద పడింది. పొద్దున్నే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కాల్సిన మనిషి! దెబ్బలేమీ తగల్లేదు గానీ, ఆయన ఇప్పటికీ మా ఇంట్లో సోఫా మీదే పడుకుంటానంటారు.

ఆ రాడ్‌కి స్క్రూ వేశాక గొట్టం విడిపోవడం ఆగింది, జోగడం ఆగలేదు. స్క్రూ పొడవుని కట్టేస్తుంది గానీ బరువు మోయదు. ఇది చాలామంది కలిపేసుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. 2023లో ఎం.ఆర్.పల్లికి మారాక అక్కడి ఓనరు గారు ఒప్పుకున్నారు, అప్పుడు దూలానికి మధ్య బ్రాకెట్ వేయించి, గొట్టాలు కలిసే చోటు దానికి రెండు అంగుళాల దూరంలో ఉండేలా సర్దాను. కర్టెన్‌ని రెండు ముక్కలు చేసి చెరో పక్కకీ తోసేలా పెట్టుకున్నాం, రింగులు మధ్య బ్రాకెట్ దాటవు కాబట్టి. ఇప్పుడు గీత గీసినట్టుంది. తొమ్మిది అడుగులకి మధ్య సపోర్ట్ లేకుండా సాగే రాడ్ కొనొద్దు, ఎవరు ఎంత చెప్పినా.

ఇల్లు మారినప్పుడే స్క్రూ పద్ధతి విలువ తెలిసింది. కొత్త ఇంట్లో హాలు కిటికీకి 56 అంగుళాలు చాలు. స్క్రూ విప్పి, గొట్టం లోపలికి నెట్టి, బయటి గొట్టానికి ఉన్న పాత బెజ్జంలోంచే బిట్ దూర్చి లోపలి దానికి మాత్రం కొత్త బెజ్జం వేశాను. లోపలి గొట్టం మీది పాత బెజ్జం బయటి దానిలోకి వెళ్లి దాక్కుంది. పది నిమిషాల పని.

అన్ని చోట్లా ఇది సుఖం కాదు. పడకగది కిటికీ రెండు గోడల మధ్య ఇరుగ్గా ఉంది. దానికి కొత్తగా కొన్న రాడ్ చివర్లు గిన్నెలాంటి బ్రాకెట్లలో కూర్చుంటాయి, కాబట్టి గొట్టం కుదించకుండా రాడ్ బయటికి రాదు. కర్టెన్ ఉతకాలంటే ప్రతిసారీ స్టూలెక్కి స్క్రూ విప్పాలి. ఏడెనిమిదిసార్లు విప్పేసరికి పలచటి రేకులో మర అరిగి స్క్రూ ఊరికే తిరిగింది. ఎనిమిదో నంబరు స్క్రూ వేసి నెట్టుకొస్తున్నాను. అది కూడా అరిగితే ఏం చేయాలో అప్పుడు చూసుకుంటాను.

బాత్రూమ్ రాడ్ వేరే జాతి. దానికి గోడకి బ్రాకెట్ లేదు, మెలి తిప్పితే పొడుగై రెండు గోడలనీ ఒత్తుకుని నిలబడుతుంది, చివర్లలో రబ్బరు బిళ్లలు. తడి తువ్వాళ్లు వేస్తే మెలి కొద్దికొద్దిగా వదులై రాడ్ కిందికి జారేది. దీనికి కూడా స్క్రూ వేద్దామని మిషన్ తీశాను. నాన్న వద్దన్నాడు. స్క్రూ వేస్తే తర్వాత బిగించుకునే వీలు పోతుంది, ఒత్తిడి తగ్గిన రోజు రాడ్ పడిపోతుంది. ఆయన చెప్పిన ప్రకారం నీళ్ల మోటారు పైపుకి బిగించే హోస్ క్లిప్పు ఒకటి తెచ్చాను. రాడ్‌ని గట్టిగా బిగించి, సరిగ్గా బయటి గొట్టం మూతికి ఆనేలా లోపలి గొట్టం మీద క్లిప్పు వేసి స్క్రూడ్రైవర్‌తో బిగించాను. లోపలి గొట్టం వెనక్కి పోవాలంటే ఆ క్లిప్పు అడ్డం. బెజ్జం లేదు, ఓనరుతో గొడవ లేదు. వదులైతే క్లిప్పు విప్పి, మళ్లీ మెలి తిప్పి, మళ్లీ వేసుకోవచ్చు. గోడకి రంగు వేసిన చోట కంటే టైల్స్ మీద రబ్బరు బాగా పడుతుంది, సబ్బు జిడ్డు లేకుండా తుడవాలి అంతే. రింగుల కర్టెన్ ఉన్న రాడ్‌కి మాత్రం ఈ క్లిప్పు పనికిరాదు, రింగు దాన్ని దాటదు.

హాలు కిటికీ రాడ్ కొత్త ఇంట్లో 56 అంగుళాలకి బిగించినప్పటి నుంచి ఒక్క మిల్లీమీటరు కదల్లేదు. అప్పుడు గీసిన మార్కర్ గీత ఇంకా మూతి దగ్గరే ఉంది, పోయిన ఆదివారం దుమ్ము దులుపుతూ చూశాను. బాత్రూమ్‌ది అడుగు భాగంలో తుప్పు మొదలైంది. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తెస్తాను, పాత క్లిప్పు దానికే వేసుకోవచ్చు.