సూదియా, సెగయా: చైనా సంప్రదాయ వైద్యంలో రెండు చికిత్సలు

శరీరంలో 'చీ' అనే ప్రాణశక్తి 12 ప్రధాన మార్గాల్లో ప్రవహిస్తుందని, దానికి అడ్డు పడితే నొప్పి పుడుతుందని చైనా సంప్రదాయ వైద్యం భావిస్తుంది. ఆ అడ్డు తొలగించడానికి ఆక్యుపంక్చర్‌లో సన్నని సూదులు గుచ్చుతారు. మాక్సిబషన్‌లోనైతే మన మాచిపత్రి జాతికే చెందిన ఆకును ఎండబెట్టి, దూదిలా నలిపి, చర్మానికి దగ్గరగా కాల్చి సెగ పెడతారు. మోకాలి చిప్పకు కింద, కాలి బయటివైపు ఉండే 'జూసాన్లీ' బిందువు రెండింటికీ ఉమ్మడిది. చలికి బిగుసుకుని, వెచ్చదనంతో తగ్గే నొప్పికి ఆ వైద్యులు సెగనే ఎంచుకుంటారు. 2010లో యునెస్కో ఈ రెండింటినీ కలిపే సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ మార్గాలు శరీర నిర్మాణ శాస్త్రానికి కనిపించలేదన్నది మరువరాదు. అయినా దీర్ఘకాలిక నొప్పుల విషయంలో పరిశోధనలు సూదిపైనే ఎక్కువగా జరిగాయి కాబట్టి నా మొగ్గు అటువైపే. మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలుతున్నా తెలియదు కనుక సెగ అసలే వద్దు. సూదులైతే, ఒక్కసారి వాడి పారేసేవే కావాలని పట్టుబట్టాలి.